మూట మారిన కిల్ట్

ఖతర్‌లోని అల్ ఖోర్ ఊళ్లో బస్సులు ఆగే చోటికి వెనక సందులో ఒక లాండ్రీ ఉంది. అందులో ఇస్త్రీ బల్ల ముందు నిలబడే మనిషి పేరు ముత్యం. ఊరు మెట్‌పల్లి దగ్గర. తాతల కాలం నుంచీ ఊరందరి బట్టలూ ఉతికిన ఇల్లు వాళ్లది. ఖతర్ వచ్చిన కొత్తలో అతను బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో ఉండి గోడౌన్లలో బరువులు మోశాడు. నడుము పట్టేసి ఆ పని చేతకాకపోతే, ఎవరో చెప్పగా ఈ లాండ్రీకి వచ్చి పడ్డాడు. ఇస్త్రీ పెట్టె మళ్లీ చేతికందిన రోజున, తెలియని దేశంలో సొంత ఊరి మనిషి ఎదురుపడినట్టయిందని భార్య పుష్పకు ఫోన్లో చెప్పుకున్నాడు.

అప్పటి నుంచీ అతని చేతిలో ఒక్క చొక్కా కాలలేదు, ఒక్క మూట మారలేదు. కాలర్ మాసిన తీరు, జేబు సాగిన తీరు చూసి ఈ బట్ట ఫలానా వాళ్లదని చీటీ చదవకుండానే చెప్పేవాడు. ఎవరు లావయ్యారో, ఎవరికి ప్రమోషన్ వచ్చిందో, ఎవరింట్లో పసిపిల్ల పుట్టిందో అన్నీ అతనికి బట్టలే చెప్పేవి. "బట్టను చూస్తె మనిషి తెలుస్తడు" అనేది అతని మాట. ఆ మాట మీద అతనికి ఎంత నమ్మకమంటే, చివరికి ఆ నమ్మకమే అతన్ని ముంచింది.

ఆ వారం లాండ్రీ మేనేజర్ రఫీయుద్దీన్ ఉమ్రా చేసి రావడానికి మక్కా వెళ్లాడు. కౌంటరూ ఇస్త్రీ బల్లా రెండూ ముత్యం నెత్తినే పడ్డాయి. బుధవారం సాయంత్రం, దోహాలోని పెద్ద మిషన్లో డ్రై క్లీనింగ్ అయి వచ్చిన బట్టల్లో ఒకటి చీటీ ఊడిపోయి వచ్చింది. విప్పి చూస్తే మందమైన ఉన్ని గుడ్డ. ఎరుపు, నీలం, ముదురు ఆకుపచ్చ గళ్లు. ముందువైపు సాపుగా ఉంది, వెనకంతా దగ్గర దగ్గరగా కుచ్చిళ్లు. నడుము దగ్గర తోలు పట్టీలు. కుచ్చిళ్లు చెదరకుండా ఎవరో తెల్లదారంతో పొడుగు కుట్లు వేసి పంపారు. ఆడవాళ్ల లంగా అనుకుందామంటే నడుము కొలత మగవాళ్లది.

డెలివరీ వ్యాన్ నడిపే దస్తగిరి అప్పుడే లోపలికొచ్చాడు. కడప జిల్లా మనిషి, ముత్యం కంటే పెద్దవాడు, దోహా అంతా తిరిగినవాడు. గుడ్డ చూడగానే గుర్తుపట్టి, దీన్ని కిల్ట్ అంటారనీ, తెల్లవాళ్లలో ఒక దేశం మగవాళ్లు పండగలకు కట్టుకుంటారనీ, దోహాలో ఒక హోటల్ ముందు తోలుసంచి ఊది పాట వాయించే మనిషి ఒంటి మీద చూశాననీ చెప్పాడు.

కొయ్యకు, దాంతో పాటే వచ్చిన నల్లకోటు మూటలు రెండు వేలాడుతున్నాయి. ఒకటి ఉమైర్ సాబ్‌ది. గ్యాస్ కంపెనీలో ఇంజనీరు, ముప్పై లోపు వయసు. ముత్యంతో దక్కనీ ఉర్దూలో మాట్లాడతాడు కాబట్టి అతని లెక్కలో హైదరాబాదాయన. రెండోది విదేశీ ఆఫీసర్ల విల్లాలుండే కాంపౌండ్‌లోని గ్రెగ్ సార్‌ది. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమ్మలు. ముత్యం రెండు మూటల వైపూ ఒక్కసారి చూశాడు. ఆలోచించాల్సిన సంగతేదీ అతనికి కనపడలేదు. కుచ్చిళ్ల మీద తడిగుడ్డ వేసి జాగ్రత్తగా ఇస్త్రీ చేసి, కిల్ట్‌ను గ్రెగ్ సార్ కోటుతో కలిపి ప్లాస్టిక్ కవరు తొడిగాడు. గురువారం పొద్దున్నే దస్తగిరి దాన్ని కాంపౌండ్‌లో ఇచ్చేసి వచ్చాడు.

శుక్రవారం పొద్దున సగం షట్టర్ ఎత్తి ఉండగానే ఉమైర్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆ సాయంత్రమే దోహాలో అతని నిఖా. ముత్యం కోటు తీసి ఇచ్చి ముబారక్ చెప్పాడు. ఉమైర్ కవరు ఎత్తి చూసి, మిగతాది ఏదని అడిగాడు.

"మిగతాదేంది సాబ్?"

ఉమైర్ చేతులతో గాలిలో కుచ్చిళ్లు చూపించాడు. గళ్ల గుడ్డ, తోలు పట్టీలు, తెల్లదారం కుట్లు. వింటూ ఉండగానే ముత్యానికి తన పొరపాటు తెలిసిపోయింది. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. చీటీ ఊడిపోయిందనీ, ఇంకొకరి మూటలో పెట్టి పంపించాననీ వచ్చీరాని హిందీలో చెప్పేశాడు.

"వో మేరే అబ్బా కా హై" అన్నాడు ఉమైర్. మా నాన్నది అది. గొంతు పెంచలేదు. నా కోటు పక్కనే ఉన్నదాన్ని వేరేవాళ్లకు ఎలా ఇచ్చావని అడిగాడు.

ముత్యం తల వంచుకుని ఉన్నమాట చెప్పాడు. "మీదనుకోలే సాబ్. తెల్లోళ్లదనుకున్న."

ఉమైర్ కౌంటర్ మీద చేతులు ఆనించాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. తాను పుట్టిందీ చదివిందీ స్కాట్లాండ్‌లో, గ్లాస్గో అనే ఊళ్లో. కాలేజీ పట్టా పుచ్చుకునే రోజున దీన్నే కట్టుకుంటే, ఇది నీదేనా, అద్దెకు తెచ్చావా అని దారిపొడుగునా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారట. అక్కడి వాళ్లకు నవ్వుతూ జవాబు చెప్పడం తనకు అలవాటైపోయిందట. ఇక్కడ, మన వైపు మనిషి కూడా అదే అనుకుంటాడని మాత్రం అనుకోలేదన్నాడు. దోహాలో చుట్టాలు దిగుతున్నారు, తాను వెళ్లాలి. దొరికితే పెళ్లి హాలుకు తెచ్చివ్వమన్నాడు. దొరక్కపోతే ప్యాంటు వేసుకుంటాను, నువ్వేం బాధపడకు అని కోటు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే ముత్యానికి కొంత తేలికయ్యేది.

షట్టర్ దించి, రూములో పడుకున్న దస్తగిరిని లేపాడు. గ్రెగ్ సార్ నంబరు రఫీయుద్దీన్ ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు, రఫీయుద్దీన్ ఫోన్ ఎత్తడం లేదు. ఇద్దరూ వ్యాన్ తీసి కాంపౌండ్‌కు పోయారు. విల్లాకు తాళం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను, సార్ తెల్లవారకముందే చేపలు పట్టడానికి అల్ రువైస్ రేవుకు పోయాడనీ, సెలవు రోజున పడవెక్కితే మధ్యాహ్నం దాకా దిగడనీ చెప్పాడు. దస్తగిరి వాచీ చూసుకున్నాడు. జుమ్మా నమాజు అక్కడే చదువుకుంటానని వ్యాన్‌ను ఉత్తరం దారి పట్టించాడు.

దారిలో రెండు పక్కలా ఎండలో తెల్లబారిన నేల. దస్తగిరి ఏవో కబుర్లు చెబుతున్నాడు. ముత్యం చెవికి ఒక్కటీ ఎక్కడం లేదు. పెళ్లికొడుకు పొద్దున అన్న మాట అతని లోపల ఎక్కడో పాత చోట తగిలింది.

ముత్యం చిన్నప్పుడు తండ్రి నర్సింగ్ ఒక జరీ అంచు రుమాలు కొనుక్కున్నాడు, తలకు చుట్టుకునేందుకు. కోరుట్ల అంగట్లో ఏరి ఏరి తెచ్చుకున్నాడు. ఊళ్లో ఒక పెళ్లికి దాన్ని చుట్టుకుని, కొడుకు వేలు పట్టుకుని పోయాడు. పందిట్లో అడుగుపెట్టగానే ఎవరో కేకేశారు, "నర్సింగూ, ఇయ్యాల ఎవరింటి బట్టరా?" అని. చాకలివాడు మంచి బట్ట కడితే అది ఊళ్లో వాళ్లదే అయి ఉండాలి కదా. పందిరంతా నవ్వింది. నర్సింగ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే రుమాలు విప్పి మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అది పెట్టెలోంచి బయటికి రాలేదు. ముత్యం తల్లి ముత్తవ్వ ఏటేటా ఎండబెట్టి మళ్లీ లోపల పెట్టేది.

దస్తగిరితో ఈ మాట చెప్పాలనుకుని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆనాడు పందిట్లో కేకేసిన మనిషిని అతను ఇన్నేళ్లూ మనసులో తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇవాళ ఆ మనిషి చేసిన పనే తాను చేశాడు. కేకెయ్యలేదు, అంతే తేడా.

అల్ రువైస్ చిన్న రేవు. కట్టెపడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. ఒడ్డున తీగెతో అల్లిన చేపల బోనులు గుట్టలుగా పడి ఉన్నాయి. దస్తగిరి గ్రెగ్ సార్ బండిని ఇట్టే గుర్తుపట్టి చూపించి, అజాన్ వినపడటంతో మసీదు వైపు పరుగుపెట్టాడు. ముత్యం ఒక్కడే మిగిలాడు.

బండికి తాళం వేసి ఉంది. రెండు చేతులూ కళ్లకు అడ్డంపెట్టి అద్దంలోంచి లోపలికి చూశాడు. వెనక సీటు పక్కన కొక్కేనికి తమ లాండ్రీ కవరు వేలాడుతోంది. కానీ ఎండ తళుకులో లోపలుంది కోటో కిల్టో తెలియడం లేదు. ఇటు వంగి, అటు వంగి చూస్తూ ఉంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. రేవు కాపలా పోలీసు. ఇది నీ బండా అని అడిగాడు.

"మాఫీ, మాఫీ. లాండ్రీ, సదీఖ్. కపడా" అని, కాదు నేస్తమా, బట్టల కోసమని వచ్చిన అరబ్బీలో చెబుతూ ముత్యం తన బనీను మీది లాండ్రీ బొమ్మనూ అద్దం లోపలి కవరునూ మార్చి మార్చి చూపించాడు. పోలీసు కవరు వైపు చూశాడు, ఇతని చెమట మొహం వైపు చూశాడు. నవ్వాపుకుని, అక్కడ నీడలో కూర్చోమని బోనుల గుట్ట చూపించి పోయాడు.

కూర్చున్నాడే గాని మనసు నిలవలేదు. మనిషి ఆ కిల్ట్‌ను ఎవరికైనా ఇచ్చేసి ఉంటే? విల్లాలోనే పడేసి ఉంటే? మధ్యాహ్నం దాటినా రాకపోతే? వచ్చిన ప్రతి పడవ వైపూ లేచి పోయాడు. నాలుగో అయిదో పడవలో ఎర్రటి మొహం కనపడింది. ఒక చేతిలో గాలం కర్రలు, ఇంకో చేతిలో తాడుకు వేలాడుతున్న పెద్ద హమూర్ చేప.

ముత్యానికి వచ్చిన ఇంగ్లీషంతా ఆ నిమిషంలో గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. "సార్, మిస్టేక్. మై మిస్టేక్. లాండ్రీ" అని మాత్రం అనగలిగాడు. చేతులతో కుచ్చిళ్లు చూపించాడు, పొద్దున ఉమైర్ చూపించినట్టే.

గ్రెగ్ ఒక క్షణం అర్థంకానట్టు చూసి, పెద్దగా నిట్టూర్చాడు. దేవుడికి దండం అన్నట్టు చెయ్యి పైకెత్తాడు. చేపను గట్టు మీద పెట్టి, నీళ్ల సీసాతో చేతులు రెండూ కడుక్కుని, ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ చూసుకుని ఇంకోసారి తుడుచుకుని అప్పుడు బండి తలుపు తీశాడు. కవరు తీసి రెండు చేతులతో అందించాడు.

ముత్యం అక్కడికక్కడే జిప్పు లాగి చూశాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. కుచ్చిళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెల్లదారం కుట్టు ఒక్కటీ తెగలేదు. అతను అలాగే నేల మీద చతికిలబడ్డాడు.

దస్తగిరి నమాజు ముగించి వచ్చేసరికి గ్రెగ్ ఏదో చెబుతున్నాడు, ముత్యం అర్థంకాకపోయినా తల ఊపుతున్నాడు. దస్తగిరి మధ్యలో నిలబడి మాట మాటా విడమరిచాడు. కవరు విప్పగానే ఇది తనది కాదని గ్రెగ్‌కు తెలిసిందట. నిన్నంతా లాండ్రీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదట. ఇవాళ ఇంటికి పోతూ ఇచ్చిపోదామని బండిలో తగిలించాడట. రఫీయుద్దీన్ ఉమ్రాకు పోతూ షాపు ఫోన్ కూడా జేబులో వేసుకుపోయాడని ముత్యానికి అప్పుడు తట్టింది.

మరి ఈయన ఆ దేశం మనిషి కాదా అని అడగమన్నాడు ముత్యం.

గ్రెగ్ నవ్వి చాలాసేపు చెప్పాడు. దస్తగిరి విని తల గోక్కున్నాడు. "ఈయనా ఆ దేశమోడే అంటప్పా. గాని వాళ్లది కింద మైదానమంట. ఇది కొండల్లో వాళ్ల గుడ్డ, మనది కాదని వాళ్ల తాత అంటాన్న్యాడంట. పుట్టినకాడ్నుంచి ఒక్కతూరి గూడా కట్టలేదంట. కట్టాలంటే ఎవురేమనుకుంటారోనని సిగ్గంట."

ముత్యం నమ్మలేనట్టు గ్రెగ్ వైపు చూశాడు. ఎవరిదని గ్రెగ్ అడిగితే దస్తగిరి చెప్పాడు: హైదరాబాదాయనది, గ్లాస్గోలో పుట్టాడు, సాయంత్రం పెళ్లి. గ్రెగ్ మొహం విప్పారింది. అయితే అది నాకంటే ఆయనకే ఎక్కువ చెందుతుందని, పెళ్లికొడుకుకు తన మాటగా శుభాకాంక్షలు చెప్పమని, హమూర్ చేప కూడా తీసుకుపొమ్మని తాడు దస్తగిరి చేతిలో పెట్టాడు.

దస్తగిరి కళ్లు మెరిశాయి. కానీ ముత్యం వ్యాన్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆ కిల్ట్ ఉన్న బండిలోకి చేప ఎక్కితే తాను నడిచైనా పోతానన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ హమూర్ రేవు పోలీసుకు దక్కింది. దోహా దాకా దస్తగిరి దాన్ని తలుచుకుని నిట్టూరుస్తూనే ఉన్నాడు. ముత్యం వెనక సీట్లో కవరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా పొద్దున చూసిన తెల్లటి నేలే, కానీ ఇప్పుడు దస్తగిరి కబుర్లు చెవికెక్కుతున్నాయి. ఒకటి రెండు చోట్ల నవ్వాడు కూడా.

పెళ్లి హాలు వెనక గదిలో ఉమైర్ ప్యాంటూ చొక్కాతోనే కూర్చుని ఉన్నాడు. కవరు చూసి లేచి నిలబడ్డాడు. ముత్యాన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. పక్కనే వాళ్లమ్మ ఖమర్ సుల్తానా ఉంది. పొద్దుట్నుంచి ఆమె మొహంలో నెత్తురు లేదని ఎవరో అన్నారు. ఆమె కవరు తీసి కిల్ట్ మడతల్లో మొహం ఆనించి చూసి, ముత్యం దస్తగిరితో మాట్లాడే తీరు పట్టి తెలుగులో అడిగింది.

"ఏ ఊరు బిడ్డా?"

"మెట్‌పల్లి దగ్గర అమ్మా."

"మాది బోధన్" అంది. గ్లాస్గో పోయి ఏళ్లు గడిచినా ఆమె తెలుగు బోధన్‌లో వదిలిన చోటే ఉంది. కుచ్చిళ్ల కుట్లు తానే వేశానని, కట్టుకునే ముందు దారం తీసెయ్యాలని, కళ్లు సరిగా ఆనడం లేదు, నువ్వు తియ్యమని కత్తెర ఇచ్చింది. ముత్యం నేల మీద కూర్చుని ఒక్కొక్క కుట్టూ తెంచుతుంటే ఆమె కాలం చేసిన తన భర్త జహాంగీర్ సంగతి చెప్పింది.

జహాంగీర్ గ్లాస్గోలో సిటీ బస్సు నడిపేవాడు. కొడుకు బడికి వెళ్లే వయసులో, ఈ ఊరి పండగ బట్ట మనకూ ఉండాలని ముచ్చటపడి కుట్టించుకున్నాడు. అక్కడ ఒక్కొక్క ఇంటిపేరుకు ఒక్కొక్క రకం గళ్లుంటాయట. దుకాణంలో ముసలాయన మీది ఏ వంశమని అడిగితే ఏదీ లేదన్నాడు. అయితే ఊరందరికీ చెందిన గళ్లున్నాయని ముసలాయన ఇవి చూపించాడు. జహాంగీర్ ఇంకోటి కోరాడు. మోకాళ్లు కప్పాలి, దీంతోనే ఈద్ నమాజ్‌కు నిలబడతాను, రెండు వేళ్లు పొడుగు పెట్టమన్నాడు. అలా కుట్టే రివాజు లేదన్నాడు ముసలాయన.

"రివాజు లేకపోతే నాతోని మొదలుపెట్టు అన్నడు. ఆయన నవ్వి కుట్టిండు బిడ్డా" అంది ఖమర్ సుల్తానా. "ఈద్‌కు కట్టుకుని డ్యూటీకి పోయిండు. బస్సుల ఒక పిలగాడు, నీది ఏ వంశం అని ఎక్కిరిచ్చిండంట. నలభై నాలుగో నంబర్ బస్సు వంశం అని చెప్పిండు. ముందు సీట్ల ఒక ముసల్ది, ఐతే నాది గూడ అదే వంశం, దినాం ఇంటికి చేర్చెటోడివి నువ్వే గద అన్నది. ఆ మాట ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పిండో."

ఆఖరి కుట్టు తెగింది. ముత్యం దారపు ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు. ఉమైర్ తెర వెనక్కి వెళ్లి కట్టుకొచ్చాడు. పైన నల్లకోటు, కింద మోకాళ్లు దాటిన గళ్లు. వెనక కుచ్చిళ్లు అతను నడుస్తుంటే ఒక్కటిగా కదిలాయి. ఖమర్ సుల్తానా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముత్యం లేచి, వెనక ఒక కుచ్చు సర్ది, చెప్పాలనుకున్నది అప్పుడే తెలుగులో చెప్పేశాడు.

"సాబ్, మా నాయిన రుమాలు చుట్టుకుంటె ఎవరింటి బట్ట అని అడిగిండ్రు. అది ఎంత కాలుస్తదో నాకెర్కే. ఎర్కుండి గూడ మీకు గట్లనే చేసిన."

తల్లి దాన్ని దక్కనీలో చెప్పింది. ఉమైర్ ముత్యం భుజం మీద చెయ్యి వేసి, అయితే మనిద్దరికీ తెలుసన్నమాట అన్నాడు. గ్రెగ్ పంపిన మాట చెబితే మాత్రం పగలబడి నవ్వాడు. ఆయన్ని వలీమా విందుకు పిలవాలి, నా కిల్ట్ కట్టించి ఒకసారి నిలబెట్టి చూడాలి అన్నాడు.

నిఖాకు హాలంతా నిండింది. పెళ్లికూతురు నౌషీన్ వైపు పెద్దాయన ఒకాయన పెళ్లికొడుకును కింది నుంచి పైకి చూసి పక్కవాళ్ల చెవిలో ఏదో గొణిగాడు. ఖాజీ మాత్రం ఒక్కసారి మోకాళ్ల వైపు చూసి, కప్పి ఉన్నాయని చూసుకుని పని మొదలుపెట్టాడు. ముత్యం, దస్తగిరి తలుపు దగ్గర నిలబడి విన్నారు. కుబూల్ హై అని మూడోసారి వినపడేసరికి ముత్యానికి కడుపులో ఆకలి భగ్గుమంది. పొద్దుట్నుంచి చాయ్ కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్లిద్దర్నీ చుట్టాల పంక్తిలోనే కూర్చోబెట్టారు. తింటుండగా పుష్ప ఫోన్ చేసింది. ఎక్కడున్నవని అడిగితే పెళ్లిలో ఉన్నానన్నాడు. ఎవరి పెండ్లి, ఏం కట్టుకున్నడు పిలగాడు అని అడిగింది. ముత్యం ఒక ముద్ద మింగి చెప్పాడు. పుష్పకు నమ్మశక్యం కాలేదు.

"దుబాయ్‌ల మొగోళ్లు గూడ లంగాలు కడ్తరా?"

"దుబాయ్ గాదు, ఖతర్. లంగా గాదే" అన్నాడు ముత్యం. "వాళ్ల నాయినది. మంచిగున్నడు. రూముకు పోయినంక ఫోటో పంపుత, చూడు."

ఫోన్ పెట్టేసి ఇంకొంచెం బిర్యానీ వేయించుకున్నాడు.